దారిలో తెరిచిన పేజీ

తమిళనాడులోని రాజపాళయంలో మా మిల్లు ఆఫీసు ఇంటర్నెట్‌ను వడకట్టే ప్రాక్సీ కోసం ఒక చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. తాళం వేసి పంపిన వెబ్ పేజీలను దారిలో తెరిచి, చూసి, మళ్ళీ తాళం వేసి పంపడం దాని పని. అందుకు ప్రతి కంప్యూటరులోనూ మా సర్టిఫికెట్‌ను నమ్ముతున్నట్టు ఒక బటన్ నొక్కాలి. సత్రపట్టి నుంచి వచ్చే స్టోర్స్ క్లర్కు రుక్మిణక్క చదవకుండానే నొక్కేసింది. "నువ్వు పెట్టినది కదా తంబి, చదివేది ఏముండాది?" అంది.

ఈ రోజు పొద్దున, ప్రోగ్రాం తెరిచి చూసిన పేజీలన్నీ నమోదయ్యే లాగ్ తెరిస్తే ఒక ఆసుపత్రి ల్యాబ్ రిపోర్టు కనిపించింది. పైన అక్క పేరు. ఆసుపత్రుల, బ్యాంకుల పేజీలు తెరవకూడదన్న జాబితా నేను ఇంకా పెట్టనే లేదు. వెంటనే మూసేశాను గానీ, అప్పటికే ఒక లైను చదివేశాను. లాగ్ చెరిపేసి, జాబితా పెట్టి, మూడుసార్లు పరీక్షించి చూసుకున్నాను.

టీ వేళకు అక్క వచ్చి, సోమవారం లీవు పెడుతున్నానని అందరికీ చెప్పింది. మా ఆఫీసులో కారణం చెప్పకుండా ఎవరూ లీవు పెట్టలేరు, మిగతావాళ్ళు ఊరుకోరు. టైపిస్టు అడిగాడు, మేనేజరు అడిగారు, టీ తెచ్చినాయన కూడా అడిగాడు. "ఊరికేనే" అని అందరికీ నవ్వుతూ చెప్పి, అక్క నా వైపు తిరిగింది.

"అందరూ అడిగినారు. నువ్వు మాత్రం ఏమిటికని అడగలేదే, తంబి?"

ఫోను వచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాను. రేపు ఆమె టేబుల్ దాటుకునే నా సీటుకు వెళ్ళాలి. మీరైతే ఏం చెబుతారు?