సుల్తాన్‌కు పసుపు పూసిన డాక్టరు

కువైట్‌లో ఒంటె ముందు పరువు పోగొట్టుకున్న రాయచోటి మనిషి నేను కాక ఇంకొకడుంటే, వాడి కాళ్లకు దండం పెడతాను. నా అంత ఘనంగా పోగొట్టుకుని ఉండడు.

నేను అర్దియాలో నాకు వీసా ఇచ్చిన కఫీల్ ఇంటి డ్రైవరుని. ఎడారిలో ఆయన ఒంటెల దొడ్డి చూసే మనిషి సెలవు మీద వెళ్తుంటే, "నీకు పశువులు తెలుసా?" అని అడిగాడు. తెలీదని ఊరుకోవచ్చు కదా. "మా ఊర్లో ఎనుములకు డాక్టరంటే నేనే బాబా" అన్నాను. నిజానికి మా ఎనుముకు గడ్డి వేసినవాణ్ణి, అదీ మా అమ్మ తిడితే. ఆయన నమ్మి దొడ్డి నాకు అప్పగించాడు.

ఎండాకాలమంతా మగ ఒంటె సుల్తాన్ మేకపిల్లలా నా వెనకే తిరిగింది. చలి మొదలయ్యేసరికి మేత మానేసింది. పళ్లు కొరుకుతోంది, నురగ కక్కుతోంది, తన మూత్రం తోకతో తన వీపు మీదే చల్లుకుంటోంది. మెడ వెనక నల్లటి జిగురు కారుతోంది. అన్నిటికన్నా ఘోరం, గుడగుడమంటూ నోటి పక్కనుంచి ఎర్రటి తిత్తి ఒకటి బెలూన్‌లా ఉబ్బి బయటికొచ్చి, మళ్లీ లోపలికి పోతోంది. సుల్తాన్ అంటే కఫీల్‌కు ప్రాణం. అది పోతే నన్ను ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా కూడా దాని వెంటే పోతుంది.

కోనసీమ స్నేహితుడు సత్తిబాబుకి ఫోన్ చేశాను.

"ఒంటెకు ఏమో అయిందప్పా. పేగులు నోట్లోకొచ్చినాయి."

"మీ బాబాకి చెప్పవయ్యా."

"డాక్టరునని చెప్పుకుంటి గదా. ఏ మొగం పెట్టుకోని చెప్పేది?"

"అయితే డాక్టరులాగే చూడు మరి. మాది కొబ్బరితోటల ఊరు, నాకేం తెలుస్తాది?"

చూశాను. అంటురోగమేమోనని ఆడ ఒంటెలను అవతలి కంచెలోకి తోలాను. ఎర్రనీళ్లు కలిపి సుల్తాన్‌కు దిష్టి తీశాను. మెడ వెనక పుండనుకుని జిగురంతా కడిగి, ఉన్న పసుపంతా నూనెలో కలిపి మెడకూ మొహానికీ పట్టించాను. అది నన్ను అలిగిన కొత్తల్లుడిలా చూసింది. ఆ తర్వాత పరుగు, ముందు నేను, వెనక అది. నీళ్ల ట్యాంకరు మీదికి ఎలా ఎక్కానో ఇప్పటికీ తెలీదు.

కఫీల్ వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను.

"సుల్తాన్ మరీద్ బాబా. సచ్చిపోతాడేమో."

ఆయన పచ్చటి ఒంటెను చూశాడు, అవతలి కంచెలో ఆడవాటిని చూశాడు, నవ్వు ఆపుకోలేక ఇసుకలో కూలబడ్డాడు.

"మరీద్ మాఫీ. రోగం కాదు. చలికాలం వస్తే మగ ఒంటెకు ఆడ ఒంటెల ధ్యాసే, మేత ఎక్కదు. ఆ తిత్తి వాటికి చూపించుకునే సోకు. నువ్వేమో వాటినే దాచిపెట్టావు. యల్లా, దిగి గేటు తియ్యి."

"వాడు పక్కకు పోతేనే దిగేది బాబా."

గేటు ఆయనే తీశాడు. సుల్తాన్ నావైపు చూడకుండా పసుపు మొహంతో అటు నడిచింది. "రేపట్నుంచి కారే నడుపు, డాక్టర్" అన్నాడు కఫీల్. ఇఖామా నిలబడింది. ఆ ఇంట్లో పిల్లలు కూడా నన్ను ఇప్పటికీ డాక్టరనే పిలుస్తారు.

సంగతంతా సత్తిబాబుకి ఫోన్‌లో చెప్పాను. "నూనె రాశావు, పసుపు పూశావు, దిష్టి తీశావు. పెళ్లికొడుకుని చేసేశావు కదయ్యా" అన్నాడు.

ఒంటె పెళ్లికి గాడిద పాటగాడని సామెత. ఈ పెళ్లికి నలుగు పెట్టిన గాడిదను నేనే. అందుకే ఆ ట్యాంకరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చలికాలంలో ఏ మగప్రాణి మేత మానేసినా పసుపు డబ్బా ముట్టను. ముందు సంబంధమేదైనా కుదిరిందేమో కనుక్కుంటాను.