నడిమి రాయి మునిగితే బాపు వస్తాడు

మా చిన్నప్పుడు... నేను చెరువు నడుమ తొక్కుడుబిళ్ల ఆడేదాన్ని. అవును, సరిగ్గానే చదివారు... చెరువులోనే! నీళ్ళుంటే కదా మునిగిపోవడానికి. ఆ ఏడు మిరుగం కార్తె ఉత్తదే పోయింది, ఆరుద్ర కూడా ఉత్తదే పోయింది. చెరువు నేలంతా నెర్రెలు బారి, నా పాదం పట్టేంత సందులు పడ్డాయి.

మాది పెద్దపల్లి దగ్గర పల్లె. మా చెరువు తూముకు ఒకదాని పైన ఒకటి మూడు అడ్డరాళ్ళుండేవి. నీళ్ళ లెక్కంతా వాటితోనే. కింది రాయి మునిగితే పశువులకు ఢోకా లేదు. నడిమి రాయి మునిగితే నాట్లు వేసుకోవచ్చు. పై రాయి కూడా మునిగిందా... ఇక చెరువు నిండి మత్తడి దుంకడమే, అంటే అలుగు పారడమే.

ఆ ఏడు కింది రాయి నీడన మేకలు పడుకునేవి.

మా వైపు నాన్నను బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. బాపు, అవ్వ కాగజ్‌నగర్ దిక్కు వెదురు కొట్టే పనికి పోయారు. తమ్ముడు పాలు తాగే పిల్లవాడు, వాణ్ణి చంకన వేసుకున్నారు. నాయినమ్మకు చూపు సరిగ్గా ఆనదు, ఆమెకు తోడుగా నన్ను వదిలారు. ఉంటావా అని నన్నెవరూ అడగలేదు లెండి... ఆడపిల్లను అడిగే రోజులా అవి!

"నడిమి రాయి మునిగిందంటె వస్త బిడ్డా. నాటు ఏసుకోవద్దా మరి?" అన్నాడు బాపు. అవ్వ కొంగుతో నా ముక్కు తుడిచి పోయింది.

ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. ఆటకు రమ్మందామంటే పిల్లలేరీ... బిళ్ల నేనే వేసి, నేనే గెంతి, నేనే ఓడిపోయేదాన్ని. ఇంటికొస్తే నాయినమ్మ సంకటిలాంటి గట్క కలుపుతూ తనలో తాను గొణుక్కునేది. నాతో మాట్లాడుతోందనుకుని "ఆ?" అనేదాన్ని. "నిన్ను కాదు పో" అనేది.

మిగిలిన ఆడవాళ్ళంతా ఒకనాడు వరదపాశం వండారు. వానల కోసం చేసే మొక్కు అది. బెల్లం పాశం వండి బండ మీద పోస్తారు... చేతులు వెనక్కి పెట్టుకుని నాలుకతో నాకాలి. అందరూ వాన పడాలని మొక్కారు. నేను మాత్రం "మా అవ్వను ఇంటికి తోలు దేవుడా" అని మొక్కి నాకాను. ఆశకొద్దీ బండ మీది మన్ను కూడా నాకాను.

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అంటారు కదా... ఒక సాయంత్రం రానే వచ్చింది. తెల్లారేదాకా దంచి కొట్టింది. పొద్దున్నే కట్ట మీదికి ఉరికి చూద్దును కదా... కింది రాయి మునిగింది!

"నాయినమ్మా! చెరువుకు నీళ్ళచ్చినయ్! ఇంకొక్క వాన పడితె బాపు వస్తడు!"

"జర ఆగు బిడ్డా. ఎండిన చెరువు ముందుగాల దాని దూప అది తీర్చుకుంటది. మన చెరువుకు మీదున్న కుంటలు నిండాలె, అవి పారి గిక్కడిదాక రావాలె. గీ ఒక్క వానకు ఏమైతది?"

నాకు ఒళ్ళు మండింది. ముసలిదానికి నా సంతోషం చూడబుద్ధి కాదు అనుకున్నాను.

మర్నాటికే నీళ్ళు తగ్గాయి. కింది రాయి నెత్తి బయటపడింది, తర్వాత నడుము బయటపడింది. నెర్రెలన్నీ గుటగుటా తాగేస్తున్నాయి. ఒడ్డున దిగి, కనపడిన నెర్రెల్లో నేను పిడికిళ్ళతో మట్టి కుక్కాను... ఎన్నని కుక్కను?

సరిగ్గా అప్పుడే బాపు వచ్చాడు! కాగజ్‌నగర్‌లోనూ అదే వాన పడిందట. "గంత వాన పడితె మన చెరువు నిండకుంట ఉంటదా" అనుకుని, అవ్వను అక్కడే ఉంచి రైలెక్కాడట. ఇంటికి కూడా పోకుండా తిన్నగా కట్ట మీదికే వచ్చాడు. చెరువులో అక్కడక్కడా బురద మడుగులు తప్ప ఏమీ లేవు.

నేను తూము దగ్గరికి చెయ్యి పట్టి లాక్కుపోయాను. "గిక్కడిదాక ఉండె బాపూ! ఒట్టు! రాయి చూడు, ఇంక తడి ఆరలే!"

రాయి మీద నిజంగానే తడి చార మిగిలి ఉంది. ఎండకు అది కూడా ఆరిపోతోంది. ఆరకుండా నేను దానికి అడ్డంగా నిలబడ్డాను.

బాపు రాయిని చూడలేదు, నన్నే చూశాడు. "ఉండె బిడ్డా... నువ్వెందుకు అబద్ధం చెప్తవ్" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే తిరిగి బయలుదేరాడు. నన్నూ తోలుకపొమ్మని కాళ్ళకు చుట్టుకున్నాను. "నాయినమ్మకు ఎవలున్నరు బిడ్డా?" అన్నాడు. నాకెవరున్నారని నేను అడగలేకపోయాను... అంత మాట అప్పుడు తోచలేదు.

మరుసటి ఏడు పెద్ద వానలేమీ పడలేదు. ముసురు పట్టింది. సన్నగా, వదలకుండా కురిసింది. మీది కుంటలు ఒక్కొక్కటే నిండి, పొర్లి, మా చెరువులోకి దిగాయి. నడిమి రాయి చప్పుడు లేకుండా మునిగిపోయింది. మత్తడి దుంకిన నాడు ఊరంతా డప్పులతో కట్ట మీదే ఉంది.

ఆ జనంలోంచి బాపు వెంట అవ్వ వచ్చింది. పక్కన తమ్ముడు నడుస్తున్నాడు... నడుస్తున్నాడు! అవ్వ చేతులు చాచి "రా బిడ్డా" అంది.

నేను పోయి నాయినమ్మ వెనక దాక్కున్నాను.

"గుర్తు పట్టలేదా బిడ్డా? నేను... అవ్వను" అంది. పట్టకేం! అన్నాళ్ళూ ఎదురుచూసింది ఆమె కోసమే కదా. కానీ ఎందుకో కొత్త మనిషిలా అనిపించింది. ఆ తర్వాత చాన్నాళ్ళు "నువ్వు మా అత్త బిడ్డవు" అని, అంటే నాయినమ్మ బిడ్డనని, నన్ను ఎక్కిరించేది అవ్వ. నవ్వుతూనే అనేది... కళ్ళు మాత్రం నవ్వేవి కావు.

ఇప్పుడు మా చెరువుకు కాలువ నీళ్ళు వస్తున్నాయి. ఎండాకాలంలోనూ కళకళలాడుతుంది. వాన కోసం మొగులు వైపు ఎవరూ చూడరు. మంచిదే... ఏ పిల్లా నాలా చూడకూడదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ ముసురు పడితే ఆమె చాచిన చేతులే కళ్ళ ముందుకొస్తాయి. మీరు కూడా ఎవరి కోసమో కళ్ళు కాయలు కాసేలా చూసి, తీరా వాళ్ళొచ్చాక ఇంకొకరి వెనక దాక్కున్నారా? ఉంటే ఒక్క మాట రాయండి... నేనొక్కదాన్నే కాదని అనుకుంటాను.