కుర్చీ వెనక

బట్టల కొట్లో గుమాస్తా పాండురంగ శెట్టి ఒంటి మనిషి. మాంసం ముట్టని అతనికి అనంతపురం బజార్లో చవగ్గా అన్నం దొరికేది శాంతమ్మ మెస్సులోనే. అక్కడ మధ్యాహ్నం ప్రతి కుర్చీ వెనకా ఒకరు కాచుకుని నిలబడతారు. శెట్టి ముఖాలు చూడడు, విస్తళ్లు చూస్తాడు. మజ్జిగ దాకా వచ్చినవాడి వెనక చేరి కుర్చీ పట్టుకుంటాడు. వాడు మళ్లీ చారు అడిగితే పళ్లు కొరికి ఇంకో కుర్చీకి పరిగెడతాడు. తీరా తాను కూర్చున్నాక మెడ మీద ఇంకొకరి ఊపిరి తగులుతుంది. పప్పూ చారూ ఒకటిగా కలిపి నాలుగు ముద్దలు మింగి లేచిపోతాడు.

మొన్న ఊళ్లో బంద్. శాంతమ్మ షట్టరు సగం దించి శెట్టి ఒక్కడికే వడ్డించింది. వేడన్నం, పప్పు, ఎప్పుడూ వేయని నెయ్యి.

"ఈ పొద్దు నిమ్మళంగా తినప్పా శెట్టీ. ఎవరూ లేరు."

శెట్టి ఒక ముద్ద తిని వెనక్కి చూశాడు. ఇంకో ముద్ద కలిపి మళ్లీ చూశాడు.

"ఏముండాదప్పా ఆడ, గోడ తప్ప?"

ఆమె పెరుగు తెచ్చేలోపే శెట్టి లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, కుర్చీని వెనక్కి లాగాడు. కండువాతో తుడిచి, గోడవైపు తిరిగి, "కూర్చోన్నా" అన్నాడు.