త్రినాథరావు సార్ చెవిల ఈల

మా సౌండ్ రికార్డిస్ట్ త్రినాథరావు సార్‌కు ఎడమ చెవిల ఎప్పుడూ ఈల మోగుతది. ఆ సంగతి నలుగురికీ చెప్పకుంటే ఆయనకు తిన్నది అరగదు.

"మల్లికార్జున్, మోగుతోందయ్యా!" అంటడు పొద్దున రాంగనే.

"నాకేం వినపడ్తలేదు సార్."

"నీకెలా వినపడుతుందయ్యా, నా చెవిలోది!"

పదేండ్ల సంది ఆయన పక్కన మైకు కర్ర పట్టుకొని నిలబడ్తున్న. రోజూ ఇదే లొల్లి.

డాక్టర్ చెప్పిండట: "ఇది పూర్తిగా పోకపోవచ్చు. టెన్షన్ పడితే మోత పెరుగుతుంది, మోత గురించి దిగులుపడితే ఇంకా పెరుగుతుంది." ఇగ చూస్కోండ్రి, సార్‌కు రాజ్యం దొరికినట్టైంది. సెట్టుల ఎవరు గొంతు లేపినా చెవి మూసుకుంటడు. మేనేజర్ ఇడ్లీల కోసం కొట్లాడితే, "బాబూ, ఈల కాస్తా కుక్కర్ విజిలైపోయింది, ఆపండి!" అంటడు.

మా పనిల రూమ్ టోన్ అని ఒకటుంటది. అందరూ నిమిషంసేపు కదలకుండ నిలబడాలె, మేము ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డ్ చేస్తం. ఎడిటింగ్‌ల మాటల నడుమ అతుకులకు పనికొస్తది. ఒక్కసారి చాలు. మా సార్ రోజుకు నాలుగుసార్లు పిలుస్తడు. అడిగితే, "చెవి మోతలో లెక్క తప్పిందయ్యా, మళ్లీ!" అంటడు. అందరూ తలకాయ కొట్టుకుంటరు.

మొన్న ఫిల్మ్ నగర్‌ల ఒక ఇంట్ల షూటింగ్. వర్ణిక అని కొత్త పిల్ల, మొదటి సినిమా. పెద్ద డైలాగ్. ఎనిమిది టేకులు పోయినయి.

"ఇంకొక్కటి పోతే రేపు వేరే అమ్మాయిని పిలుస్తా!" అని డైరెక్టర్ నిఖిల్ అరిచిండు. పాపం, పిల్ల డైలాగ్ కాగితం తలకిందులు పట్టుకొని చదువుతున్నది.

సార్ చెయ్యి లేపిండు. "రూమ్ టోన్!"

"ఇప్పుడా?" అన్నడు నిఖిల్.

"చెవి పగిలిపోతోంది నాయనా. ఎవ్వరూ మాట్లాడకూడదు."

నిఖిల్ కూడా నోరు మూసుకొని నిలబడ్డడు. సార్ వర్ణిక దిక్కు చూసి, మెల్లగ ఊపిరి పీల్చి విడిచి చూపిచ్చిండు. పిల్ల గూడ అట్లనే చేసింది. "లారీ చప్పుడొచ్చింది, మళ్లీ!" అని ఇంకో నిమిషం నిలబెట్టిండు. తొమ్మిదో టేకు ఓకే! నిఖిలే చప్పట్లు కొట్టిండు.

ప్యాకప్ అయినంక రికార్డర్ చూస్తే ఆ రెండు నిమిషాలు ఏడ లేవు.

"సార్, రికార్డే కాలే!"

"మెల్లగా అనవయ్యా! అసలుది పొద్దున్నే రికార్డ్ చేసేశాగా."

"మరి ఇదేంది?"

"నా చెవి మోగితే ఊరంతా చెప్పుకుంటాను. ఆ పిల్ల గుండె కొట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటుందయ్యా?"

పనిల చేరిన కొత్తల నేను మైకు కర్ర హీరో నెత్తిమీద పడేసిన రోజు యాదికొచ్చింది. ఆ రోజు సార్ ఆరుసార్లు రూమ్ టోన్ పిలిచిండు. చెవి మోత బాగా ముదిరిందేమో అని నేనే పోయి జండూ బామ్ తెచ్చి ఇచ్చిన.