గాట్లు లేని కొస

కొత్త రబ్బరు వాసన తగిలితే ఇప్పటికీ నా వేళ్లు దాని కొసను తడుముతాయి. మొన్న అల్వాల్‌లో స్పేర్ పార్టుల దుకాణం అతను నా కారుకు వైపర్లు బిగించి, ఇక వెళ్లమంటే, వాటిని నాలుగుసార్లు లాగి చూశాక గానీ కదల్లేకపోయాను.

తొంభైల నడుమ మేం మేడ్చల్‌లో ఉండేవాళ్లం. నాన్నను బాపు అనీ, నాయనమ్మను అవ్వ అనీ పిలిచేదాన్ని. బాపు కిరాయి కారు నడిపేవాడు. ఆషాఢం వచ్చిందంటే బొగ్గుల మీద కాలే మక్కకంకుల పొగ, గుమ్మాలకు కట్టిన వేపమండల చేదు వాసన, అవ్వ చేసే సర్వపిండి రొట్టె మాడిన అంచుల కమ్మదనం, వాకిట్లో మేం గీసుకున్న అష్టాచెమ్మా గళ్లను చినుకులు చెరిపేసిపోవడం, వీటన్నిటి మధ్య ఒక రోజు బాపు వైపర్ల రబ్బర్లు మార్చడం ఏటా జరిగేది. వైపర్ కాడ జారి కొడితే అద్దం పగులుతుందని కింద అవ్వ పాత చీర మడిచి వేసేవాడు. పాత రబ్బరు లాగేసి, అందులోని రెండు సన్నని స్టీలు పట్టీలను కొత్త రబ్బరు అంచుల్లోకి ఎక్కించి, ఇనుప కొక్కేల గుండా మెల్లగా తోసేవాడు.

"రబ్బరుకు ఒక కొసకే గాట్లుంటయి బిడ్డా. గా కొస కిందికి రావాలె. ఆఖరి కొక్కెం గాట్లల్ల టక్కుమని కూసోవాలె. లేకుంటే వానల జారిపోతది," అనేవాడు.

నాకు పదకొండేళ్లు వచ్చిన ఏడాది, బోనాల పండుగ పొద్దున, బాపు ఒక రబ్బరు మార్చి స్నానానికి వెళ్లాడు. రెండోది, డ్రైవరు వైపుది, నేనే ఎక్కించాను. టక్కుమన్న చప్పుడు రాలేదు. అయినా గట్టిగానే ఉందనిపించి, "అయిపోయింది బాపూ" అని అరిచాను. బాపు నా మాట నమ్మాడు.

మధ్యాహ్నం శామీర్‌పేట అవతల అలియాబాద్‌లో ఉండే మేనత్త ఇంటికి బయలుదేరాం. అవ్వ కారెక్కబోతూ ఆగింది.

"మొగులు మంచిగ లేదురా. రేపు పోదాం."

"అక్క ఎదురు జూస్తదమ్మా. జల్దీ కూసో."

శామీర్‌పేట చెరువు దగ్గరపడేసరికి మబ్బు రోడ్డు మీదికే వంగినట్టయింది. పక్షులు లేవు, గాలి లేదు. తర్వాత వాన ఒక్కసారిగా పడింది. వైపర్ అటూ ఇటూ కొట్టుకుంటుంటే, బాపు ముందున్న రబ్బరు సగం జారి నల్లటి పురుగులా అద్దం మీద వేలాడటం చూశాను. సీటు అంచు పట్టుకుని దాన్నే చూస్తుండిపోయాను. రబ్బరు ఊడిపడింది. ఇనుము అద్దాన్ని కర్రుమని గీరింది. బాపు బ్రేకు తొక్కాడు. అంతలోనే దేనికో తగిలిన చప్పుడు, ఆ వెంటనే రోడ్డు మీద పాలక్యాన్లు దొర్లిన చప్పుడు.

పడింది మల్లయ్య కాక. మా మేడ్చల్ మనిషే, చుట్టుపక్కల ఊళ్ల నుంచి పాలు తెచ్చి రోజూ మా ఇంటికి పోసేవాడు. సైకిలు కింద కాలు మెలిపడి ఉంది, పాలు వాననీళ్లలో తెల్లగా పారుతున్నాయి. బాపు, అవ్వ కలిసి ఆయన్ను వెనక సీట్లో పడుకోబెట్టారు. బాపు వైపర్ వంక చూశాడు. ఊడిన రబ్బరు వెతికి తెచ్చి, గాట్ల మీద కొక్కెం పడ్డ గుర్తే లేకపోవడం చూసి, తర్వాత నన్ను చూశాడు. దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

"ఏందిరా గది?" అంది అవ్వ.

"రబ్బరు. నేనే తిప్పి ఎక్కించిన. తప్పు నాదే."

ఆసుపత్రిలో అడిగినవాళ్లకూ అదే చెప్పాడు. ఆ రాత్రి నా పక్కన కూర్చుని, "నువ్వు ఎవ్వలకు జెప్పకు బిడ్డా," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

మల్లయ్య కాక మళ్లీ సైకిలెక్కలేదు. కుంటుకుంటూనే వచ్చి పాలు పోసేవాడు. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు ఈడుస్తూ వాకిట్లోకి వచ్చే ఆ నడక వినగానే నేను వంటింట్లోకి పోయేదాన్ని. "పిల్ల కనిపిస్తలేదేంది?" అని అడిగేవాడు పాపం.

ఇప్పుడు రబ్బరు ఒక్కదాన్నే మార్చేవాళ్లు దాదాపు లేరు, మొత్తం వైపరే మార్చేస్తారు. ఆ రోడ్డు వెడల్పైంది. పొలాలన్నీ ప్లాట్లయ్యాయి. జరిగింది కాకకు చెబుదామని ధైర్యం తెచ్చుకుని నిరుడు వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. మల్లయ్య కాక పోయి రెండేళ్లయిందని కోడలు చెప్పింది. లోపలికి రమ్మని కుర్చీ వేసి, ఏం పనిమీద వచ్చారని అడిగింది.

ఊరికే చూసిపోదామని వచ్చానన్నాను.