డాక్టర్ కోటు వేసుకున్న బ్లాగ్

2023 వేసవి. వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో ఒక చిన్న కన్సల్టింగ్ కంపెనీలో యూఎక్స్ రీసెర్చర్‌గా పనిచేస్తున్నాను. అంటే, వెబ్ పేజీలను మామూలు మనుషులకు చూపించి, వాళ్లకు ఏం అర్థమైందో తెలుసుకుని, ఆ పేజీ తయారుచేసినవాళ్లకు చెప్పడం. మా అత్తగారి దృష్టిలో ఇది ఉద్యోగమే కాదు, పేరంటం. పిలుస్తాను, కూర్చోబెడతాను, మాట్లాడిస్తాను, చేతిలో గిఫ్ట్ కార్డ్ పెట్టి పంపిస్తాను.

ఆ వేసవిలో అబార్షన్‌ని వ్యతిరేకించే ఒక చిన్న బృందం తమ బ్లాగ్ పట్టుకుని మా దగ్గరికి వచ్చింది. చుట్టుపక్కల చదువుకునే ఇండియన్ అమ్మాయిలకు, ముఖ్యంగా తెలుగువాళ్లకు, అది ఎలా కనిపిస్తోందో తెలుసుకోవాలని వాళ్ల కోరిక. ఆ విషయంలో నా అభిప్రాయం వాళ్లకు పూర్తిగా ఎదురు. "ఇబ్బందైతే ఇంకొకరికి ఇస్తాను" అన్నాడు మేనేజర్. తెలుగులో అడగగలిగేదాన్ని నేనొక్కదాన్నే. పైగా, నచ్చనివాళ్ల పనైనా శుభ్రంగా చేయగలనని నాకో పంతం. ఒప్పుకున్నాను.

బ్లాగ్ నడిపే లిండా రిటైరైన స్కూల్ టీచర్. మనిషి మంచిదే. పేజీ కూడా చూడముచ్చటగా ఉంది. లేత నీలం, తెలుపు రంగులు, తెల్లకోటు వేసుకుని నవ్వుతున్న ఒకావిడ ఫోటో, "కంగారు పడకండి, మీ ప్రశ్నలకు మేమున్నాం" అంటూ బుజ్జగించే మాటలు. రాసేవాళ్లెవరో మాత్రం అట్టడుగున, బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఉంది.

మొదటిరోజు వచ్చిన అమ్మాయిలందరిదీ ఒకటే మాట. "బాగుందండీ, నీట్‌గా ఉంది." నాకు ఒళ్లు మండింది. వడ్డించినవాళ్లు ఎదురుగా నిలబడితే మనవాళ్లు ఉప్పెక్కువైన సాంబారుని కూడా బాగుందనే అంటారు. మర్నాడు ప్రశ్న మార్చాను. "ఈ లింక్ మీ చెల్లికి వాట్సాప్‌లో పంపుతున్నావనుకో. పైన ఏం రాస్తావ్?"

ఒకమ్మాయి "డాక్టర్లదే, ఫ్రీగా చెప్తారు" అని టైప్ చేసింది. ఇంకో అమ్మాయి "క్లినిక్ లింక్, సేవ్ చేసుకో" అని రాసింది. అడుగున ఉన్న అక్షరాల జోలికి ఒక్కరూ పోలేదు.

చివర వచ్చినమ్మాయి తెలంగాణ నుంచి మాస్టర్స్‌కి వచ్చిన స్టూడెంట్. ఏమీ టైప్ చేయకుండా పేజీని పైకీ కిందికీ జరుపుతూ కూర్చుంది.

"అక్కా, దీంట్ల అపాయింట్‌మెంట్ ఎక్కడ బుక్ చేయాలె?"

"చెల్లి కోసమా?" అన్నాను నా ధోరణిలో.

"నాకే అక్కా." తల దించుకుంది. "ఎవ్వరికి చెప్పలే."

వచ్చినవాళ్లు పేజీ చూస్తున్నప్పుడు దాని గురించి మేం నోరు విప్పకూడదు. అది మా వృత్తిలో మొదటి పాఠం. రికార్డింగ్ ఆపేశాను.

"ఇది క్లినిక్ కాదమ్మా. అబార్షన్ వద్దనేవాళ్లు రాసే బ్లాగ్. వాళ్లు చెప్పేది వినాలనిపిస్తే విను, డాక్టర్ మాట అనుకుని మాత్రం వినకు. మీ యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో డాక్టర్‌ని కలువు. ఏం చేయాలన్నది ఆ తర్వాత నీ ఇష్టం."

"గింత మంచిగ మాట్లాడుతున్నరు గదా, డాక్టర్లే అనుకున్న" అంటూ ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి. హెల్త్ సెంటర్ నంబర్ వెతికి ఇచ్చి, కారు దాకా వెళ్లి పంపించాను. ఆమె సెషన్‌ని రిపోర్ట్‌లోంచి తీసేశాను.

రిపోర్ట్ మీటింగ్‌లో లిండా మొహం ఎర్రబడింది. "మేం ఎక్కడా అబద్ధం రాయలేదు."

"రాయలేదు. చదివినవాళ్లు మీ గురించి ఏం రాశారో చూడండి" అని అమ్మాయిల మెసేజ్‌లు ఇంగ్లీషు చేసి తెరమీద పెట్టాను. మా మేనేజర్ బల్ల కింద నా కాలు తొక్కుతున్నాడు. క్లయింట్ చేజారిపోతుందని ఆయన భయం.

లిండా ఒక్కొక్కటే పైకి చదివింది.

"నన్ను డాక్టర్ అనుకుని ఎవరైనా నమ్మితే అది నాకొద్దు" అంది చివరికి. "ఎలా మార్చాలో చెప్పు."

తెల్లకోటు ఫోటో పోయింది. ఆ స్థానంలో కళ్లజోడుతో లిండా ఫోటో వచ్చింది. పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో ఒక వాక్యం చేరింది: "మేం డాక్టర్లం కాం. అబార్షన్‌ని వ్యతిరేకించే మామూలు మనుషులం." ఆ వాక్యం కూర్పు నాదే, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. కొత్తగా పిలిచిన అమ్మాయిల్లో దాన్ని క్లినిక్ అనుకున్నవాళ్లు ఒక్కరు కూడా లేరు.

కొన్ని వారాలకు ఆ స్టూడెంట్ నుంచి మెసేజ్ వచ్చింది. "డాక్టర్‌ని కలిసిన అక్కా. ఇప్పుడు భయం లేదు." ఏం నిర్ణయించుకుందో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత "బాగుందా?" అని ఎవర్నీ అడగలేదు. పేజీ అందం కన్నా, అది ఎవరి గొంతో చదివేవాళ్లకు తెలియడం ముఖ్యమని ఆ కేసు నాకు నేర్పింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో పేజీల మీద పనిచేశాను, వాటిలో నాకు నచ్చినవి చాలానే ఉన్నాయి. అన్నిటికన్నా గర్వంగా చెప్పుకునేది మాత్రం, ఇప్పటికీ నేను ఒక్క ముక్క కూడా ఒప్పుకోని ఆ పేజీ గురించే.