చిన్నమ్మ చెప్పగా రాసిన పుస్తకం

పోయిన నెల పుస్తకాల ప్రదర్శనలో ఒక బల్ల నిండా, వేరే దేశాల నుంచి దత్తత వచ్చిన పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం రాసిన బొమ్మల పుస్తకాలే కనిపించాయి. కుర్చీ అడిగి అక్కడే కూర్చుని ఒక్కొక్కటీ తిరగేశాను. మాకు అవసరం పడ్డప్పుడు ఇలాంటిది ఒక్కటీ దొరకలేదు మరి.

డెబ్బైల చివర, జహీరాబాద్‌లో మా చిన్నమ్మ పిల్లల ఆశ్రమంలో ఆయాగా పనిచేసేది. నేను బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆ ఇంగ్లీషు సెలవు చీటీలకు సరిపోయేది, అంతకు మించి అడిగినవాళ్లూ లేరు. చిన్నమ్మ చేతుల్లో పెరిగిన నాలుగేళ్ల పిల్లను స్వీడన్ దంపతులు దత్తత తీసుకుపోయారు. కొన్ని నెలలకు ఆ తల్లి ఆశ్రమానికి ఇంగ్లీషులో ఉత్తరం రాసింది, చదివి చెప్పమని చిన్నమ్మ నా దగ్గరికి తెచ్చింది. పిల్ల సరిగా తినడం లేదట, "గటుక, గటుక" అంటోందట, అదేమిటో వాళ్లకు తెలియదట. లైబ్రరీ నుంచి ఇండియా పుస్తకాలు తెస్తే అన్నీ ఏనుగులూ రాజభవనాలేనట, పిల్ల మొహం తిప్పేసుకుంటోందట. తన ఊరి గురించి చదివి వినిపించే పుస్తకం ఏదైనా పంపగలరా అని అడిగింది.

"జొన్న గటుక అడుగుతున్నదే నా తల్లి!" అని చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జొన్నరవ్వ మెత్తగా ఉడికిస్తే గటుక, ఆశ్రమంలో పిల్లలకు రోజూ అదే.

బస్టాండు దగ్గరి పుస్తకాల దుకాణంలో అడిగితే పదో తరగతి గైడ్లున్నాయన్నాడు. ఇక మేమే ఒక నోటుపుస్తకం కొన్నాం. చిన్నమ్మ చెప్పేది, నేను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసేదాన్ని. బొమ్మలు పక్కింటి పెయింటర్ సాబ్ వేశాడు. ఆయన పని లారీల మీద పూలు వేయడం. అందుకని మా పుస్తకంలో బర్రె కొమ్ములకు కూడా గులాబీలు పూశాయి. అల్లం చేను, గటుక గిన్నె, పిల్ల పడుకునే చాప, అన్నీ వచ్చాయి.

ఆగిపోయింది ఒక్క పేజీ దగ్గర. పిల్లను కన్న తల్లి జ్వరంతో పోతే, మొగుడంపల్లి వైపు నుంచి అమ్మమ్మ తెచ్చి ఆశ్రమంలో అప్పగించింది. మరుసటేడు ఆమె కూడా పోయింది. పసిపిల్లకు చావుల కథ ఎందుకు, దేవుడే పంపాడని రాద్దామన్నాను.

"అబద్ధం రాయకు బిడ్డా," అంది చిన్నమ్మ. "పెద్దగైనంక అడుగుతది. అప్పటికి మనముంటమో ఉండమో. ముసల్ది మూడు దినాలు గేటు కాడనే కూసున్నది. ఇడిశిపెట్టి పోబుద్ధి కాలె. గది రాయి."

రాశాను. పంపాం. నెలల తరబడి జవాబు లేదు. నేను బడి నుంచి రాగానే చిన్నమ్మ గుమ్మంలో ఎదురయ్యేది. "పిల్ల మనసు ఇరగ్గొట్టిన్నా ఏంది?"

చివరికి ఉత్తరం వచ్చింది. గటుక బొమ్మ చూడగానే పిల్ల పకపకా నవ్విందట. ఆ తల్లి మొక్కజొన్న రవ్వతో ఏదో వండితే రెండు గిన్నెలు తిన్నదట. అమ్మమ్మ పేజీని మాత్రం మళ్లీ మళ్లీ చదివించుకుని, "అయితే నన్ను పారెయ్యలేదా?" అని అడిగిందట. ఆ అనుమానం పిల్ల మనసులో ఉందని అంతవరకూ వాళ్లకు తెలియనే తెలియదు. ఇప్పుడు అలాంటి పిల్లలున్న ఇళ్లవాళ్లంతా ఆ నోటుపుస్తకం అడిగి తీసుకుపోతున్నారట.

"మళ్లొక్కపారి చదువు," అంది చిన్నమ్మ. చదివాను. గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. "ఇగ నాకు నిమ్మళం."

ఆ పిల్లకు ఇప్పుడు యాభై ఏళ్లుంటాయి, అప్పటి చిన్నమ్మ కన్నా పెద్దది. నా తలపులో మాత్రం ఇంకా నాలుగేళ్లదే. మనతో పరుగులు పెట్టే కాలం, మన చేయి వదిలి వెళ్లినవాళ్ల దగ్గర అక్కడే నిలబడిపోతుంది.